కణం నేలని పట్టుకునే చోట ఉండే విన్‌క్యులిన్ అనే ప్రోటీన్‌ని పీకేసినా కణాలు అతుక్కునే ఉన్నాయి. మరి ఇది చేసే పనేంటి?

మూడోఏడు_ముగింపులేదు
ఎలుక ఫైబ్రోబ్లాస్ట్‌లలో (సంధాయక కణజాలపు కణాలు) క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో విన్‌క్యులిన్ జన్యువు తీసేశాం, అంటే నాకౌట్ చేశాం. ప్రోటీన్ ఉందో లేదో చూపించే బ్లాట్‌లో 117 కిలోడాల్టన్ల దగ్గర ఉండాల్సిన గీత మాయం, క్లోన్లన్నిట్లోనూ అంతే. కానీ కణాలు తాము పట్టుకునే ఫైబ్రోనెక్టిన్ అనే బయటి ప్రోటీన్ మీద హాయిగా కూర్చున్నాయి. అతుకుల్లోనే ఉండే పాక్సిలిన్ అనే ఇంకో ప్రోటీన్‌కి స్టెయిన్ చేస్తే ఫోకల్ అడ్హీషన్లు కనిపిస్తూనే ఉన్నాయి, కాస్త చిన్నవిగా. పైగా కణాల పరుపు మీద గీత గీసి చూసే స్క్రాచ్ పరీక్షలో మామూలు కణాల కంటే ముందే గీతను పూడ్చేస్తున్నాయి!

మా గైడ్‌గారు బొమ్మలు చూసి "నాకౌట్ సరిగ్గా రాలేదు, మళ్ళీ చెయ్యి" అనేశారు. ఏ పాఠ్యపుస్తకం తెరిచినా ఒకటే బొమ్మ కదా. బయట ఫైబ్రోనెక్టిన్, పొరలో ఇంటిగ్రిన్, లోపల టాలిన్, దాని తర్వాత విన్‌క్యులిన్, ఆ తర్వాత కణానికి అస్థిపంజరం లాంటి ఆక్టిన్ పోగులు. వరసలో ఒకదాన్ని తీసేస్తే మొత్తం తెగిపోవాలి. తెగలేదు.

రెండో తలనొప్పి ఇంకోటుంది. సగం పేపర్లు దీన్ని అతుకు ప్రోటీన్ అంటాయి, మిగతా సగం సిగ్నలింగ్ ప్రోటీన్ అంటాయి. దీంట్లో కైనేజ్ (ఫాస్ఫేట్ తగిలించే) భాగం లేదు, ఫాస్ఫటేజ్ (దాన్ని ఊడదీసే) భాగం లేదు, అసలు ఎంజైమే కాదు. మరి సిగ్నల్ ఎలా పంపుతుంది? కమిటీ ముందు నిలబడేలోపు ఎవరైనా తేల్చండి.

కవర్‌స్లిప్_విరిగింది
బ్లాట్‌లో గీత లేకపోతే నాకౌట్ రానట్టు, గీత ఉంటే యాంటీబాడీ పాడైనట్టు. గైడ్ల తర్కశాస్త్రంలో మనకి ప్రవేశం లేదు బాసూ.

పాతకాపు
నాకౌట్ బ్రహ్మాండంగా వచ్చింది, గైడ్‌గారికి నా మాటగా చెప్పు. నువ్వు చూసిందంతా పాత కథే. 1995లో ఎఫ్9 అనే ఎలుక కణాల్లో విన్‌క్యులిన్ తీసేసి చూశారు. కణాల ఆకారం మారింది, అతుకు సడలింది, కదలిక పెరిగింది. అచ్చం నీ కణాల్లాగే.

అలాగని "డిష్‌లో బతికేస్తున్నాయి కాబట్టి ఇది ఉన్నా లేకపోయినా ఒకటే" అనుకోకు. 1998లో ఎలుకలోనే తీసేస్తే పిండాలు పదో రోజు దాటలేదు. గుండె ఎదుగుదల ఆగిపోయింది, నాడీనాళం మూసుకోలేదు. కణం డిష్‌లో పడుకుని ఉండటం వేరు, కొట్టుకునే గుండెలో ఉండటం వేరు.

ఇక ఆ పాఠ్యపుస్తకం బొమ్మ. దాన్ని చూసి గొలుసు అనుకుంటున్నావు, అక్కడే వచ్చింది చిక్కు. టాలిన్‌కి ఆక్టిన్‌ని పట్టుకునే చోట్లు సొంతంగానే ఉన్నాయి. అంటే ఇంటిగ్రిన్ నుంచి టాలిన్, టాలిన్ నుంచి నేరుగా ఆక్టిన్ అనే దారి విన్‌క్యులిన్ లేకపోయినా తెరిచే ఉంటుంది. విన్‌క్యులిన్ పక్కనుంచి వచ్చి అదనంగా పట్టుకుంటుంది. దమ్ముంటే టాలిన్ 1, టాలిన్ 2 రెండూ తీసేసి చూడు. కణం పరుచుకోవడం మానేసి గుండ్రంగా మిగిలిపోతుంది. అప్పుడు గైడ్‌గారు "కణాలు చచ్చాయి, మళ్ళీ చెయ్యి" అంటారనుకో, అది వేరే సంగతి.

మూడోఏడు_ముగింపులేదు
@పాతకాపు 1995 పేపర్ ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టేశా. ఇంకా ఆయన చూడలేదు.

కానీ "అదనంగా పట్టుకుంటుంది" అన్నది నాకు చాలట్లేదు గురువుగారూ. అదనపు పట్టు కోసం 1066 అమైనో ఆమ్లాల ప్రోటీన్ ఎందుకు? ఇంకో టాలిన్ తెచ్చుకుంటే సరిపోదా?

చదువరి77
నేను కోడ్ రాసుకునేవాణ్ణి, దారితప్పి ఇటొచ్చా. ఫోకల్ అడ్హీషన్ అంటే ఏమిటో ఎవరైనా మామూలు మాటల్లో చెప్తారా? గూగుల్ చేస్తే ఇంకా అయోమయంగా ఉంది.

సూక్ష్మదర్శిని
@చదువరి77 కణం తన అడుగునంతా నేలకి ఆనించదు. అక్కడక్కడా కొన్ని మైక్రోమీటర్ల పొడవున్న మచ్చల దగ్గరే గట్టిగా పట్టుకుంటుంది. ఆ మచ్చలే ఫోకల్ అడ్హీషన్లు. 1971లో ఏబర్‌క్రాంబీ బృందం కదిలే కణాల అంచుల్లో వీటిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసింది. పొరకి బయట ఇంటిగ్రిన్లు కింద ఉన్న ఫైబ్రోనెక్టిన్, కొల్లాజెన్ లాంటివాటిని పట్టుకుంటాయి. లోపలివైపు ఆక్టిన్ తంతువుల కట్టలు వచ్చి అక్కడ ముగుస్తాయి. మయోసిన్ ఆ కట్టల్ని లాగుతూ ఉంటుంది. కణం ముందుకి జరిగినా, గాయం మూసుకున్నా, నేల గట్టిదో మెత్తదో కణానికి తెలిసినా అంతా ఈ మచ్చల పుణ్యమే.

ఇప్పుడు అసలు సంగతి. ఇంటిగ్రిన్‌కీ ఆక్టిన్‌కీ మధ్య ఖాళీ లేదు. 2010లో ఐపామ్ అనే సూపర్ రిజొల్యూషన్ పద్ధతితో కొలిస్తే ఆ మధ్యభాగం దాదాపు 40 నానోమీటర్ల ఎత్తు ఉందనీ, అందులో అంతస్తులు ఉన్నాయనీ తేలింది. పొరకి ఆనుకుని పాక్సిలిన్, ఫ్యాక్ ఉండేది సిగ్నలింగ్ అంతస్తు. దాని పైన టాలిన్, విన్‌క్యులిన్ ఉండే బలం మోసే అంతస్తు. ఆపైన జైక్సిన్, వాస్ప్, ఆల్ఫా ఆక్టినిన్ ఉండే ఆక్టిన్ అంతస్తు. టాలిన్ ఒక్కటే అడ్డంగా పడుకోకుండా కింద తల, పైన తోక పెట్టి అంతస్తులన్నిట్నీ దాటి నిలబడి ఉంటుంది.

చదువరి77
ఇంత ఓపిగ్గా చెప్పినందుకు దణ్ణం. ఇక మూల కూర్చుని చదువుతా.

లాగుడుబలం
భౌతికశాస్త్రం నుంచి వచ్చినవాణ్ణి, "ఇంకో టాలిన్ సరిపోదా" అన్న ప్రశ్నకి నేను చెప్తా.

విన్‌క్యులిన్‌కి తల, మెడ, తోక ఉన్నాయి. మామూలుగా తల తన తోకనే కరుచుకుని ముడుచుకు పడుంటుంది. ఆ భంగిమలో తలకి టాలిన్ దొరకదు, తోకకి ఆక్టిన్ దొరకదు. 2004లో పూర్తి ప్రోటీన్ స్ఫటిక నిర్మాణం వచ్చాక ఈ ముడుచుకోవడం స్పష్టంగా కనిపించింది.

టాలిన్ సంగతి దీనికి అద్దంలో బొమ్మలా ఉంటుంది. 2541 అమైనో ఆమ్లాల పొడుగాటి ప్రోటీన్. దాని కాడలో 13 హెలిక్స్ (మెలితిరిగిన పోగు) కట్టలు వరసగా ఉంటాయి. విన్‌క్యులిన్ పట్టుకోగల చోట్లు 11 ఉన్నాయి కానీ అవి ఆ కట్టల లోపల దాక్కుని ఉంటాయి. ఒక కొస ఇంటిగ్రిన్ దగ్గర కట్టేసి ఉంది, రెండో కొసని ఆక్టిన్ లాగుతోంది. లాగుడు పెరిగితే కట్టలు ఒక్కొక్కటే విప్పుకుంటాయి. వాటిలో బలహీనమైనది ఆర్3, సుమారు 5 పికోన్యూటన్లకే (పికో అంటే లక్షకోట్లో వంతు) విప్పుకుంటుంది. విప్పుకోగానే దాక్కున్న చోట్లు బయటపడతాయి, విన్‌క్యులిన్ తల వచ్చి పట్టుకుంటుంది. 2009లో ఒక్కో టాలిన్ అణువుని అయస్కాంత పూసలతో లాగి దీన్ని నేరుగా చూపించారు.

అంటే విన్‌క్యులిన్ ఎంత చేరిందో దాన్నిబట్టి టాలిన్ మీద ఎంత లాగుడు పడుతోందో కణానికి తెలుస్తుంది. మెత్తటి నేల మీద లాగితే నేలే సాగిపోతుంది, టాలిన్ విప్పుకోదు, విన్‌క్యులిన్ రాదు. గట్టి నేల మీద వస్తుంది. ఇంకో టాలిన్ తెచ్చుకుంటే పట్టు పెరుగుతుందేమో గానీ ఈ లెక్క దొరకదు.

ఇంకో ముచ్చట, నాకు అన్నిటికంటే నచ్చింది. మామూలు బంధాన్ని లాగితే తొందరగా తెగుతుంది. విన్‌క్యులిన్ తోకకీ ఆక్టిన్‌కీ మధ్య బంధం లాగినకొద్దీ బిగుస్తుంది, ఉచ్చుముడి లాగా. 2017లో లేజర్ ట్రాప్‌తో కొలిచారు. ఆక్టిన్ తంతువు మైనస్ కొసవైపు 8 పికోన్యూటన్లతో లాగినప్పుడు బంధం అత్యధికంగా నిలిచింది, సగటున 12 సెకన్లు. అదే ప్లస్ కొసవైపు లాగితే అందులో పదో వంతు. కణం అంచులో ఆక్టిన్ ప్లస్ కొసలు బయటికి చూస్తుంటాయి, తంతువులు లోపలికి జారుతుంటాయి. అంటే సరిగ్గా పనికొచ్చే దిశలోనే బిగుస్తుందన్నమాట.

కవర్‌స్లిప్_విరిగింది
12 సెకన్లేనా? మా ల్యాబ్‌లో కొత్త ఫ్రీజర్ కొనే నిర్ణయం కూడా అంతకంటే ఎక్కువసేపు నిలవలేదు లెండి.

ఆక్టిన్‌వాదన
@లాగుడుబలం చెప్పింది అందంగానే ఉంది కానీ "విన్‌క్యులిన్ ఎంత చేరిందో దాన్నిబట్టి లాగుడు తెలుస్తుంది" అన్న వాక్యం దగ్గర నేను ఆగిపోతాను. 2010లో విన్‌క్యులిన్ మధ్యలో లాగుడుని వెలుగు మార్పుగా చూపించే ఫ్రెట్ సెన్సర్ పెట్టి కొలిచిన పేపర్ మళ్ళీ చదవండి. అందరూ అందులోంచి "సగటున 2.5 పికోన్యూటన్లు" అన్న అంకె ఒక్కటే మోసుకొస్తారు. ఆ పేపర్ అసలు చెప్పింది ఏమిటంటే, విన్‌క్యులిన్ అడ్హీషన్‌కి చేరడం ఒకటి, దాని మీద బలం పడటం ఇంకొకటి, ఈ రెంటినీ కణం వేరువేరుగా నడుపుతుంది. ఎదుగుతున్న అడ్హీషన్లలో విన్‌క్యులిన్ మీద లాగుడు ఎక్కువ. కూలిపోతున్నవాటిలో విన్‌క్యులిన్ ఉంటుంది, లాగుడు ఉండదు.

కాబట్టి విన్‌క్యులిన్ పచ్చగా మెరిసే మచ్చ చూసి "ఇక్కడ బలం ఉంది" అని రాసే ప్రతివాళ్ళకీ నా నమస్కారం.

లాగుడుబలం
@ఆక్టిన్‌వాదన నేను టాలిన్ మీద లాగుడు అన్నాను, మీరు విన్‌క్యులిన్ మీద లాగుడు అంటున్నారు. రెండూ ఒకటి కావు. టాలిన్ విప్పుకుంటే విన్‌క్యులిన్ తల చేరుతుంది. తోక ఆక్టిన్‌ని పట్టుకున్నాకే విన్‌క్యులిన్ మీద బలం పడుతుంది. తల చేరి తోక ఖాళీగా ఉంటే మీరు చెప్పిన పరిస్థితే.

ఆక్టిన్‌వాదన
అయితే అలాగే రాయాల్సింది మొదటే :) పైగా విన్‌క్యులిన్‌ని పిలవడానికి టాలిన్ ఒక్కటే కాదు. పాక్సిలిన్ కూడా పిలుస్తుంది. అక్కడికే వస్తున్నా.

నిద్రలేని_పరిశోధకి
ఆ ముక్క నాకొదిలెయ్యండి, నా థీసిస్‌లో సగం అదే.

మయోసిన్ లాగుడు పెరిగితే ఫ్యాక్ అనే కైనేజ్ పాక్సిలిన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, 31, 118 స్థానాల్లో ఉన్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లాల మీద. అలా ఫాస్ఫేట్ తగిలిన పాక్సిలిన్ విన్‌క్యులిన్‌ని అడ్హీషన్‌లోకి రప్పిస్తుంది. 2010లోనే వచ్చింది ఈ పని. అంటే బలం నుంచి విన్‌క్యులిన్‌కి వెళ్ళే దారిలో కైనేజ్ ఉంది. "ఇదంతా యాంత్రికం, సిగ్నలింగ్ కాదు" అని గీత గీసేవాళ్ళకి ఇది మింగుడుపడదు.

తిరుగుదారి కూడా ఉంది. విన్‌క్యులిన్ లేని కణాల్లో పాక్సిలిన్, ఫ్యాక్ ఒకదాన్నొకటి ఎక్కువగా పట్టుకుంటాయి, ఈఆర్‌కే అనే సిగ్నల్ మార్గం చురుగ్గా నడుస్తుంది, ఫలితంగా కణాలు అపోప్టోసిస్‌కి (తమంతట తాము చచ్చిపోవడానికి) లొంగవు. 2004లో చూపించారు. @మూడోఏడు_ముగింపులేదు నీ కణాలు స్క్రాచ్‌లో అంత హుషారుగా ఉండటానికి ఇది ఒక కారణం అయ్యుండొచ్చు. సీరం తీసేసి రెండు రకాల కణాల్నీ పక్కపక్కన పెట్టి చూడు, ఫాస్ఫో ఈఆర్‌కే (ఫాస్ఫేట్ తగిలి చురుగ్గా ఉన్న రూపం) బ్లాట్ కూడా వేసుకో.

విన్‌క్యులిన్ ఎంజైమ్ కాదు, నిజమే. ఎవరు ఎవరితో అతుక్కోవాలో అది తేలుస్తుంది. సిగ్నల్‌ని మార్చడానికి అది చాలు.

ఆక్టిన్‌వాదన
అలా అయితే కణంలో సిగ్నలింగ్ ప్రోటీన్ కానిది ఏదైనా మిగులుతుందా? ఆక్టిన్ తీసేసినా ఈఆర్‌కే మారుతుంది. ట్యూబులిన్ తీసేసినా మారుతుంది. ఏదో ఒకటి తీసేస్తే ఇంకేదో మారింది కాబట్టి అది సిగ్నలింగ్ ప్రోటీన్ అనడం చాలా వదులు లెక్క.

నిద్రలేని_పరిశోధకి
తీసేయడం ఒక్కటే ఆధారం అయితే మీ మాటే. కానీ విన్‌క్యులిన్ మీద కూడా ఫాస్ఫేట్లు పడతాయి కదా. 100, 1065 స్థానాల్లోని టైరోసిన్ల మీద సార్క్ అనే కైనేజ్ తగిలిస్తుంది. 822 మీద ఏబుల్ అనే ఇంకో కైనేజ్ తగిలిస్తుంది, అదీ కణానికీ కణానికీ మధ్య కాడ్హెరిన్ అతుకుల దగ్గర లాగుడు ఉన్నప్పుడే. ఇంటిగ్రిన్ అతుకుల దగ్గర ఆ 822 మార్పు కనపడదు. ఒకే ప్రోటీన్ రెండు చోట్లా పనిచేస్తూ, ఏ చోట ఉందో దాన్నిబట్టి వేరే గుర్తు వేయించుకుంటుంటే దాన్ని మోకు అని వదిలేయమంటారా?

పాతకాపు
కాడ్హెరిన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. అక్కడ టాలిన్ ఉండదు, ఆ పాత్ర ఆల్ఫా కాటెనిన్‌ది. అది కూడా లాగితేనే తెరుచుకుని విన్‌క్యులిన్‌కి చోటు చూపిస్తుంది. 2010లో ఒకే ఏడాది రెండు బృందాలు ఈ సంగతి బయటపెట్టాయి. రెండు వేరువేరు అతుకులు, రెండు వేరువేరు ప్రోటీన్లు, కిటుకు మాత్రం ఒకటే. పరిణామానికి కాపీ కొట్టడం బాగా వచ్చు.

కవర్‌స్లిప్_విరిగింది
మా బ్యాచ్ వాళ్ళకీ వచ్చు. పరిణామానికి మాత్రం ప్లేజరిజం సాఫ్ట్‌వేర్ అడ్డు లేదు.

తమ్ముడికోసం
మధ్యలో దూరినందుకు ఏమీ అనుకోకండి, వెతుకుతుంటే ఈ చర్చ దొరికింది. మా తమ్ముడికి గుండె ఎడమ గది సాగిపోయి పంపింగ్ తగ్గింది, డైలేటెడ్ కార్డియోమయోపతి అన్నారు. జన్యు పరీక్ష రిపోర్టులో "వీసీఎల్ జన్యువులో ప్రాముఖ్యం తేలని మార్పు" అని ఉంది. వీసీఎల్ అంటే మీరు మాట్లాడుకుంటున్న విన్‌క్యులినేనట. అంటే జబ్బుకి కారణం దొరికినట్టేనా? నేను కూడా పరీక్ష చేయించుకోవాలా?

రాత్రిడ్యూటీ
@తమ్ముడికోసం గుండె విభాగంలో పనిచేస్తాను కాబట్టి కొంత చెప్పగలను. మీ తమ్ముణ్ణి చూడకుండా చికిత్స గురించి మాత్రం మాట్లాడను.

"ప్రాముఖ్యం తేలని మార్పు" అంటే అక్షరాలా అదే అర్థం. కారణం దొరికిందనీ కాదు, ఈ మార్పుతో ఏ హానీ లేదనీ కాదు. విన్‌క్యులిన్‌కీ ఈ జబ్బుకీ సంబంధం ఊహ మాత్రం కాదు. గుండె కండర కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే ఇంటర్‌క్యాలేటెడ్ డిస్క్‌లో విన్‌క్యులిన్ ఉంటుంది. కండరాల్లో 68 అమైనో ఆమ్లాలు ఎక్కువ ఉన్న మెటావిన్‌క్యులిన్ అనే రూపం కూడా ఉంటుంది. ఈ జబ్బు ఉన్న కొందరిలో ఆ అదనపు ముక్కలో మార్పులు ఉన్నాయని 2002లో రాశారు. అయినా 2021లో నిపుణుల బృందం ఒకటి ఈ జబ్బు జన్యువులన్నిట్నీ ఆధారాల ప్రకారం తూకం వేసినప్పుడు, టైటిన్, లామిన్ లాంటివి గట్టి ఆధారాల జాబితాలోకి వెళ్ళాయి, వీసీఎల్ మధ్యస్థం దగ్గర ఆగింది.

మీరు చేయాల్సింది ఆ మార్పు కోసం పరీక్ష చేయించుకోవడం కాదు. తేలని మార్పు మీలో ఉన్నా లేకపోయినా దాన్నిబట్టి మీకేమీ తేలదు. తమ్ముడికి ఈ జబ్బు ఉంది కాబట్టి తోబుట్టువులు, తల్లిదండ్రులు, పిల్లలు ఎకో, ఈసీజీ చేయించుకోవాలి, బాగానే ఉన్నట్టు అనిపిస్తున్నా సరే. రిపోర్టు తీసుకుని జన్యు సలహాదారుని కలవండి. ఇలాంటి మార్పుల వర్గీకరణ కొన్నేళ్ళకి మారుతుంటుంది, కాబట్టి ఆ కాగితం పారేయకండి.

తమ్ముడికోసం
చాలా థాంక్స్ అండి. ఎకో గురించి ఇంతవరకు మాకెవరూ చెప్పలేదు. అమ్మకీ నాకూ ఈ వారమే చేయిస్తాను.

వేదిక_నిర్వాహకి
వైద్యం ప్రశ్నలకి వేరే విభాగం ఉంది, @తమ్ముడికోసం కావాలంటే అక్కడ కొనసాగించండి. ఇక్కడి పోస్టులు తీసేయడం లేదు, ఉపయోగపడేలా ఉన్నాయి.

ఈగలగది
అందరూ ఎలుకలు, మనుషులు అంటున్నారు. మా డ్రోసొఫిలా ఈగలో విన్‌క్యులిన్ పూర్తిగా తీసేస్తే ఏమవుతుందో తెలుసా? ఏమీ కాదు. ఈగ పుడుతుంది, ఎగురుతుంది, పిల్లల్ని కంటుంది.

మూడోఏడు_ముగింపులేదు
@ఈగలగది ఈ పోస్ట్ మా గైడ్‌గారి కంట పడితే నా పని అయిపోయింది.

ఈగలగది
ఆగు తమ్ముడూ, అసలు మజా తర్వాత ఉంది. తల, తోక కరుచుకోకుండా ఎప్పుడూ తెరుచుకునే ఉండే విన్‌క్యులిన్‌ని ఈగలో పెడితే అది చచ్చిపోతుంది. 2016లో వచ్చిన పని. లేకపోవడం కంటే అదుపు లేకుండా ఉండటం ప్రమాదం అని తేలింది. ఆ తెరుచుకున్న విన్‌క్యులిన్ ఇంటిగ్రిన్ లేనిచోట కూడా టాలిన్‌ని, ఇంకొన్నిటిని పోగేసుకుని సొంత దుకాణం పెట్టేస్తుంది. తల ఎందుకు తోకని అంత గట్టిగా పట్టుకుంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పాతకాపు
అదే సి. ఎలిగాన్స్ పురుగులో తీసేస్తే కండరాలు పనిచేయక లార్వా దశలోనే ఆగిపోతుంది. 1991 నాటి మాట. కాబట్టి ఈగను చూపించి ఎవరూ ధీమాగా ఉండక్కర్లేదు.

సూక్ష్మజీవి_గూఢచారి
తెరవడం అంటే గుర్తొచ్చింది. షిగెల్లా అనే విరేచనాల బాక్టీరియా ఇదే తాళాన్ని దొంగ తాళంచెవితో తీస్తుంది. అది కణంలోకి ఐపీఏఏ అనే ప్రోటీన్ ఎక్కిస్తుంది. ఆ ప్రోటీన్‌లో టాలిన్‌లో ఉండే విన్‌క్యులిన్ పట్టుచోట్లని అనుకరించే ముక్కలు ఉన్నాయి. టాలిన్‌వి దాక్కుని ఉంటాయి, లాగితేనే బయటపడతాయి. దీనివి ఎప్పుడూ బయటే. లాగుడు లేకుండానే విన్‌క్యులిన్ తల దొరికిపోతుంది, బాక్టీరియా తనకి కావలసినట్టు ఆక్టిన్‌ని సర్దుకుని లోపలికి దూరుతుంది. 2006లో నిర్మాణంతో సహా వచ్చింది.

నిద్రలేని_పరిశోధకి
బాక్టీరియాకి కూడా తెలుసు ఇది తాళమని. ఇక్కడ కొందరు ఇంకా మోకు అంటున్నారు. ఎవరి పేరూ చెప్పను.

ఆక్టిన్‌వాదన
చెప్పకపోయినా నాకు అర్థమైంది :) సరే, ఒక మెట్టు దిగుతా, ఒక్కటే. ఈ రెండు పక్షాలకీ నడుమ నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది 2015లో వచ్చిన పని. సూక్ష్మదర్శినిగారు పైన అంతస్తులు చెప్పారు కదా. అందులో విన్‌క్యులిన్ ఒకే అంతస్తులో కుదురుగా ఉండదు. ముడుచుకున్న విన్‌క్యులిన్ పొర దగ్గర పాక్సిలిన్‌తో సిగ్నలింగ్ అంతస్తులో ఉంటుంది. తెరుచుకుని టాలిన్‌ని పట్టుకున్నాక పైకి, ఆక్టిన్ వైపు జరుగుతుంది. అడ్హీషన్ ఎదిగే క్రమంలో ఈ ప్రయాణం జరుగుతుంది.

అంటే ఒకే అడ్హీషన్‌లో, ఒకే స్టెయినింగ్‌లో, ఒకే మచ్చలో రెండు రకాల విన్‌క్యులిన్ కలిసి ఉంటుంది. మామూలు మైక్రోస్కోపుకి 40 నానోమీటర్లు విడిగా కనిపించవు. మనం ఇక్కడ కొట్టుకుంటున్నది కొంతవరకు అందుకే.

సూక్ష్మదర్శిని
అవును, అది నేను రాయాల్సింది. పైన నేను "టాలిన్, విన్‌క్యులిన్ ఉండే అంతస్తు" అన్నది ఎదిగిన అడ్హీషన్ల సగటు చిత్రం.

ఇంకో ఆచరణ ముచ్చట. విన్‌క్యులిన్‌లో చాలా భాగం అడ్హీషన్లలో ఉండదు, సైటోప్లాజంలో తిరుగుతూ ఉంటుంది. నేరుగా ఫిక్స్ చేసి స్టెయిన్ చేస్తే ఆ మసకలో చిన్న అడ్హీషన్లు మునిగిపోతాయి. ఫిక్స్ చేసేముందు కొద్దిసేపు డిటర్జెంట్‌తో కడిగితే మసక పోయి మచ్చలు నిలుస్తాయి, కానీ ఎక్కువ కడిగితే మచ్చలూ పోతాయి. మామూలు కణాల్లో అడ్హీషన్ల లెక్క ఎలా తీశారో పద్ధతులు చూడకుండా పేపర్లని పోల్చకండి.

మూడోఏడు_ముగింపులేదు
ఇప్పుడు బుర్రలో కాస్త వెలుగు పడుతోంది. గైడ్‌గారు ఆ ప్రింట్ చదివారు. "సరే నాకౌట్ వచ్చిందే అనుకుందాం, అయితే ఇందులో కొత్తేముంది" అన్నారు. ఒక సమస్య పోయి ఇంకోటి వచ్చింది.

కవర్‌స్లిప్_విరిగింది
అభినందనలు. దీన్నే పురోగతి అంటారు.

లాగుడుబలం
@మూడోఏడు_ముగింపులేదు నువ్వు చూస్తున్నదంతా గాజు మీద, లేదా ప్లాస్టిక్ మీద. అవి కణజాలంతో పోలిస్తే లెక్కలేనంత గట్టివి. విన్‌క్యులిన్ ఉన్న కణాలు, లేని కణాలు రెంటినీ మెత్తటి పాలీఅక్రిలమైడ్ జెల్ మీద ఒకసారి, గట్టి జెల్ మీద ఒకసారి వేసి పరుచుకున్న విస్తీర్ణం కొలువు. గట్టిదనం పెరిగేకొద్దీ మామూలు కణాలు ఎంత మారతాయో, నీ కణాలు ఎంత మారతాయో చూడు. జెల్ లోపల ఫ్లోరసెంట్ పూసలు వేస్తే లాగుడు కూడా కొలవచ్చు. దానికి తోడు సెంట్రిఫ్యూజ్‌లో ప్లేట్ తిరగేసి పెట్టి ఎన్ని ఊడిపోయాయో లెక్కపెట్టు. "అతుక్కునే ఉన్నాయి" అన్నది కదిలించకుండా చూసినంతసేపే.

నిద్రలేని_పరిశోధకి
దానికంటే ముందు 3డీ. స్క్రాచ్ పరీక్షలో వేగం చూసి మురిసిపోతున్నావు కానీ, కొల్లాజెన్ జెల్ లోపల పెడితే కథ తిరగబడుతుంది. 2010లో ఒకటి, 2015లో ఒకటి వచ్చాయి. సమతలం మీద పరిగెత్తే విన్‌క్యులిన్ లేని కణాలు కొల్లాజెన్ వలలోకి దూరడంలో వెనకబడతాయి, ఒక దిక్కు పట్టుకుని పోవడం చేతకాదు, చుట్టూ ఉన్న పోగుల్ని లాగి సర్దుకోలేవు. ఎందుకంటే అక్కడ ముందుకి పోవాలంటే లాగాలి.

మూడోఏడు_ముగింపులేదు
ఇది నాకు తెలియదు అక్కా!! మా ల్యాబ్‌లో కొల్లాజెన్ జెల్స్ పక్కబల్ల వాళ్ళే చేస్తారు. రెస్క్యూ ఎలా పెట్టుకోమంటారు? పూర్తి విన్‌క్యులిన్ ఒక్కటి తిరిగి పెడితే చాలా?

నిద్రలేని_పరిశోధకి
చాలదు, అసలు ప్రశ్నకి జవాబు రెస్క్యూలోనే ఉంది. పూర్తి విన్‌క్యులిన్ ఒకటి. టాలిన్‌ని పట్టుకోలేని ఏ50ఐ అనే మార్పున్న రూపం ఒకటి. ఆక్టిన్ పట్టు దెబ్బతిన్న తోక మార్పు ఒకటి. తోక లేకుండా 880వ అమైనో ఆమ్లం వరకు ఉన్న తల ఒకటి. ఆ చివరిది పెడితే అడ్హీషన్లు ఇంతలావు అయిపోయి కూలడం మానేస్తాయి, 2007లో చూపించారు. తల ఒక్కటే అడ్హీషన్‌ని పెంచగలదు, ఆక్టిన్‌తో ముడిపెట్టడానికి తోక కావాలి. అందుకే ఈ నాలుగింటితో ఫాస్ఫో ఈఆర్‌కే ఒక పక్క, కొల్లాజెన్‌లో కదలిక ఇంకో పక్క కొలిస్తే ఏ పని తలది, ఏ పని తోకది అన్నది విడిపోతుంది.

ఆక్టిన్‌వాదన
దీనికి నేను ఒప్పుకుంటా. ఈఆర్‌కే తల ఒక్కదానితోనే మామూలు స్థాయికి వచ్చేస్తే నిద్రలేనిగారు గెలిచినట్టు. తోక కూడా కావాలంటే నేను గెలిచినట్టు. పోస్ట్ దాచుకోండి.

పాతకాపు
ఒక జాగ్రత్త. రెస్క్యూ ప్రోటీన్ మామూలు స్థాయిలోనే ఉండేలా చూసుకో. ఎక్కువైతే అడ్హీషన్లు పెరిగేది దాని గుణం వల్లో, మోతాదు వల్లో తేలదు. కణాల్ని జీఎఫ్‌పీ (పచ్చగా మెరిసే గుర్తు ప్రోటీన్) వెలుగునిబట్టి సార్ట్ చేసి, మామూలు కణాల బ్లాట్‌తో పోల్చాకే మొదలుపెట్టు. ఆల్ఫా కాటెనిన్ సంగతి మాత్రం ఇందులోకి లాగకు, ఫైబ్రోబ్లాస్ట్‌లతో అది తేలేది కాదు, ఎపితీలియల్ కణాలు కావాలి.

మూడోఏడు_ముగింపులేదు
ఏ50ఐ ప్లాస్మిడ్ (ఆ జన్యువుని కణంలోకి మోసే డీఎన్‌ఏ) కోసం ఇప్పుడే మెయిల్ పెట్టా. మొదట కొల్లాజెన్, తర్వాత జెల్స్.

కవర్‌స్లిప్_విరిగింది
గైడ్‌గారికి స్క్రాచ్ బొమ్మలు చూపించకు ఇక. నేరుగా కొల్లాజెన్‌వే చూపించు. "కణాలు కదలట్లేదు, మళ్ళీ చెయ్యి" అంటారు, నేను ఇక్కడే ఉంటా.